కొళాయి నీళ్ళకు ఉడకని పప్పు

ఈరమ్మా,

ఈ రోజు ఆదోనిలో మన వీధికీ కొళాయి వచ్చింది. నువ్వు జారిపడి ప్రాణం పోగొట్టుకున్న ఆ దిగుడుబావికి ఇక ఎవరూ పోనక్కర్లేదని, పొద్దున్నే నీ బిందెను కుడితికని గొడ్ల కొట్టంలో పడేశాను.

కొళాయి నీళ్ళతోనే మన పాప కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. కట్టెలన్నీ అయిపోయినా ఒక్క పలుకూ మెత్తబడలేదు. పక్కింటి అవ్వ ఆ నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

“ఉప్పునీళ్ళప్పా ఇవి! ఆ బావి నీళ్ళయితేనే ఉడుకుతుంది,” అంది.

నేను మిల్లుకు బయలుదేరుతుంటే, పాప కొట్టంలో కూర్చుని నీ బిందెను బూడిదతో తోముతోంది.

“నాయనా, అమ్మ ఏ మెట్టు మీద జారిందో సెప్పు. ఆడ సూసి కాలు పెడతా,” అంది.

నాకు తెలియదు, ఈరమ్మా. ఆ రోజు నీ వెంట ఎవరూ లేరు.