మూతలేని గ్లాసు

సెమరాంగ్,
ఆదివారం

వుర్యానీ అక్కా,

నువ్వు పంపిన నీటిరంగులతో రోజుకో బొమ్మ చొప్పున నెలంతా వేశాను. పందెం నాదే. "ఏమే, ముప్పైసార్లూ ఒకే టీ గ్లాసా?" అని తిట్టకు. నా బల్ల మీద ఎప్పుడూ నిండుగా ఉండేది అదే. సురబయా వెళ్ళొస్తానని ఆయన వెళ్ళి రెండేళ్ళయినా, పొద్దున్నే రెండు గ్లాసులు పోసి, ఆయనదాని మీద మూత పెడుతున్నాను.

మనవాళ్ళెవరూ "లేదు" అనరు కదా, "ఇంకా లేదు" అంటారు. టోఫు బండి సుగిమాన్ రోజూ "అన్న వచ్చాడా, వదినా?" అని అడుగుతాడు. "ఇంకా రాలేదు" అంటాను.

నిన్న ఆఖరి బొమ్మకి నీలం రంగు అయిపోయింది. మూతేమో నీలం. అందుకని మూత తీసేసి ఉత్త గ్లాసే వేశాను. టీ చల్లారిపోతోందని నేనే తాగేశాను. అంతలో సుగిమాన్ వచ్చి మళ్ళీ అదే అడిగాడు. "ఇక రాడు" అన్నాను. పాపం, "టోఫు వేడిగా ఉంది, వదినా" అన్నాడు.

ఇవాళ ఒక్క గ్లాసే పోశాను. బల్ల మరీ వెడల్పుగా కనిపిస్తోంది.

ఒకసారి వస్తావా అక్కా? రాలేకపోతే రాలేనని రాయి. "ఇంకా కుదరలేదు" అని మాత్రం రాయకు.

నీ చెల్లెలు