మా పాల్‌కు ట్రాన్స్‌ఫరైంది

6 ఆగస్టు 2024, మంగళవారం

దేవునికి స్తోత్రం. స్తోత్రం. స్తోత్రం. మా పాల్‌కు ట్రాన్స్‌ఫరైంది.

పొద్దున జర్మనీ నుంచి ఫోన్ చేసిండు. ఎన్ని రోజులకో చేసిండు. బాపు, నన్ను క్రొయేషియాకు ట్రాన్స్‌ఫర్ చేస్తున్నరు, ఆర్డర్ వచ్చింది అన్నడు. ఇంకేదో చెప్పబోయిండు. నేను చెప్పనిస్తే కద. ఖర్చు ఎవరిదిరా అన్న. సర్కారుదే అన్నడు. విమానం టికెట్ కూడా వాళ్లే కొంటరట. తోడు ఇద్దరు పోలీసోళ్లు వస్తరట. ఎస్కార్ట్ అన్నట్టు. కలెక్టర్‌కు ఉంటది, మినిస్టర్‌కు ఉంటది. ఇగ మా పాల్‌కు ఉన్నది.

నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాక చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పని చేసిన. ట్రాన్స్‌ఫర్ అంటే ఏందో నాకు ఎరుక. అది ఆఫీసర్లకు అయితది. మెడల దండ వేస్తరు, ఫోటో దిగుతరు, సామాను లారీల పోతది. కాంటా మీద మాసోంటోళ్లకు ఎన్నడన్న అయిందా. పర్మనెంట్ కానోన్ని ఎవడు ట్రాన్స్‌ఫర్ చేస్తడు. అంటే మావోడు పర్మనెంట్.

మోకాళ్ల నొప్పి కూడ ఇయ్యాల గుర్తుకు రాలే. మా ఇంటామె జ్ఞానమ్మ మాత్రం పొయ్యి కాడ కూసోని, వాని గొంతు ఎట్లనో ఉన్నది అన్నది. ఆమెకు ఖుషీ చేతగాదు.

11 ఆగస్టు, ఆదివారం

చర్చిల కృతజ్ఞత కూడిక పెట్టిచ్చిన. ఎంత బాగైందో రాయనీకె చాతగాదు.

ప్రార్థన అయినంక పాస్టరయ్య మైకు నాకిచ్చిండు. పాల్ ఫోటో పెద్దగ చేయిచ్చి పట్టుకపోయిన, అందరికి చూపిచ్చిన. నేను దేవదాసును, ఈ విజయ్ పాల్ తండ్రిని, దేవుడు నా కొడుకును అన్యదేశంల హెచ్చించిండు అన్న. ఆగలే. ఈ బోధన్‌ల నాకు శత్రువన్నోడు లేడు, హిందువులు గానీ తురుకోళ్లు గానీ అందరు నన్ను అన్నా అనే పిలుస్తరు, ఇసోంటి ఊర్ల పుట్టుడే ఒక దీవెన అన్న. అందరు ఆమెన్ అన్నరు.

తర్వాత దావత్. బగార అన్నం, కోడికూర. గల్లీ గల్లీ అంత వచ్చి తిన్నది. మా చర్చి వాళ్లు ప్రతి ఆదివారం ఆరాధన యూట్యూబ్‌ల పెడుతరు. ఇయ్యాల నేనే ఉన్న అండ్ల. పదేండ్లు చిన్నగ అగుపడుతున్న.

14 ఆగస్టు

వీడియో లింక్ పాల్‌కు పంపిచ్చిన. ఇంక చూడలే. సామాను సర్దుకుంటుండొచ్చు.

29 ఆగస్టు, గురువారం

కాలువ గట్టు మీద భానుప్రసాద్ గారు కలిసిండు. వాళ్ల తాత కాలంల గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూములు కొన్న రైతు. చెరుకు వేస్తడు, పేపరు పూర్తిగ చదువుతడు. ఏవయ్యా దేవదాసూ, మీవాడికి ప్రమోషనంట గదా అన్నడు. ప్రమోషన్ కాదండి, ట్రాన్స్‌ఫర్ అన్న. బండి స్టాండ్ వేసి మరీ నవ్విండు. పిచ్చోడా, అది నువ్వనుకునే ట్రాన్స్‌ఫర్ కాదు అన్నడు.

ఆయన చెప్పింది ఇది. ఆ దేశాలన్ని ఇరుగుపొరుగు. వాళ్లల్ల వాళ్లకు ఒక ఒప్పందం ఉన్నది. బయటోడొచ్చి నా ప్రాణానికి భయమున్నది, ఆశ్రయం ఇయ్యుండ్రి అంటే, వాడు ముందుగాల ఏ దేశంల దిగిండు, ఎవరు వీసా ఇచ్చిన్రు, ఎవరి మిషన్ మీద వేలు పెట్టిండు అని చూస్తరు. వాని పంచాయితి ఆ దేశందే. పక్క దేశంల పోయి అడిగితే పట్టుకొచ్చి మళ్ల అక్కడనే దించుతరు. దానికే ట్రాన్స్‌ఫర్ అని పేరు.

మన చెరుకు జోన్ ఉండేది చూడు, అదేనయ్యా అన్నడు. ఈ జోన్ చెరుకు ఆ ఫ్యాక్టరీ తీసుకోదు. గేటు దాకా వచ్చిన బండినైనా తిప్పి పంపుతారు. నువ్వు ఎన్ని బండ్లు తిప్పి పంపావో లెక్కుందా అన్నడు.

పంపిన. రైతులు దండం పెడుతుండె. ఎండకు చెరుకు ఎండిపోయి తూకం పడిపోతదని మొత్తుకుంటుండె. జోన్ కాదు, తీసుకపో అంటుంటి. నాకూ ఆర్డరే కద.

పాల్ ముందుగాల క్రొయేషియాకే పోయిండు, గోదాం పని వీసా మీద. ఆ సేటు జీతం ఆపితే జర్మనీకి దాటిండు. నాకు గింతే ఎరుక. ఆశ్రయం అడిగిండని నాకు చెప్పలే.

తొవ్వంత పరేషాన్ అయిన. దర్వాజ కాడికి వచ్చేటాల్లకు తేటపడ్డది. జోన్ అన్నంక ఆ ఫ్యాక్టరీ ఆ చెరుకును తీసుకోవాల్సిందే. వద్దననీకె లేదు. అంటే మా పాల్‌ను కాదనేటోడు లేడు. ఆశ్రయం చిన్న మాటనా. కీర్తనల పుస్తకం నిండ అదే కద ఉన్నది. మళ్ల సంబురమైంది. జ్ఞానమ్మకు చెప్పలే, ఏడుస్తది.

5 అక్టోబర్, శనివారం

పాల్ నన్ను ఒకటి అడిగిండు. పుట్టినకాడికెల్లి వాడు నన్ను ఏది అడిగినోడు కాదు. ఇయ్యాల అడిగిండు.

బాపు, కోపం చేయకు అని మొదలుపెట్టిండు. జర్మనీల ఆశ్రయం అడిగినప్పుడు, సేటు జీతం ఇయ్యలే అంటే నడవదని క్యాంపుల దోస్తులు చెప్పిన్రట. ప్రాణభయం ఉండాలెనట. అందుకని, మేము క్రైస్తవులమని ఊరోళ్లు ప్రార్థన కాడ మా బాపును కొట్టి సంపిన్రు, నేను పోతే నన్ను సంపుతరు అని చెప్పిండట. ఫిబ్రవరి పందొమ్మిది అని తారీకు గూడ చెప్పిండట. ఇప్పుడు క్రొయేషియాల దించిన్రట, కేసు అక్కడనే. ఒక దేశంల చెప్పింది ఇంకో దేశానికి పోతదట, మాట మార్చనీకె లేదట. వకీలు రుజువు అడుగుతుండట.

బాపు, నీ బొంద ఫోటో కావాలె, సమాధి మీద పేరు కనవడాలె అన్నడు.

నేను నవ్విన. మస్తు నవ్విన. వాడు అవతల ఏడుస్తుండు, నేను ఇవతల నవ్వుతున్న. వాళ్ల అవ్వ జ్ఞానమ్మను సంపలే, నన్ను సంపిండు. మోసేటోని మీదనే కద బరువు పెడుతరు. ఇన్నేండ్లకు నేను వానికి పనికొచ్చిన.

ఊరోళ్లు అన్నది ఒక్కటే జర మనసుకు పట్టలే. వాళ్లు నా బగార తిన్నరు.

8 అక్టోబర్, మంగళవారం

మేస్త్రి పోశన్నను తీసుకొని బొందలగడ్డకు పోయిన. చోటు ముందే పట్టుకుంటున్న అని చెప్పిన. లోకంల నీ బొంద అని తిడితే కొట్లాటకొస్తరు, నువ్వు పైసలిచ్చి కట్టిచ్చుకుంటున్నవ్ అన్నడు. కొలత కావాలె, జర నేల మీద పండు పెద్దాయనా అన్నడు. పండిన. మట్టి సల్లగున్నది. పైన ఆకాశం మస్తు పెద్దగ ఉన్నది. లేవబుద్ధి కాలే.

శిలువ మీద పేరు రాయిచ్చిన. మా. దేవదాస్, ప్రభువునందు నిద్రించెను, 19-2-2024. పోశన్న తారీకు చూసి, ఇది అయిపోయిన తారీకు కదనే, నీకు చెప్పకుండనే పోయినవా అన్నడు. రాసేటోడు తప్పు రాసిండు, తర్వాత దిద్దుకుంట అన్న.

ఫోటోల జ్ఞానమ్మ కూడ ఉండాలె. రానంటే రానన్నది. కొడుకు బతుకు అన్న. తెల్లచీర అడుక్కొచ్చి కట్టుకున్నది, గాజులు తీసింది. బొంద పక్కన కూసోవెట్టిన. ఫోటో తీసింది నేనే, ఇంకెవరితోని తీయిస్త. జర వంగు అన్న. ఇటు చూడకు, నన్ను చూస్తే నవ్వొస్తది అన్న. ఆమె నిజంగనే ఏడ్సింది. ఫోటో మస్తు వచ్చింది.

ఇంటికొచ్చినంక గాజులు డబ్బాల పెట్టింది. వేసుకోలే.

9 అక్టోబర్

పాల్ మెసేజ్ పెట్టిండు. బాగుంది బాపు. పొద్దటిసంది అదే చదువుతున్న.

25 డిసెంబర్

క్రిస్మస్. వాడు ఫోన్ చేయలే. కేసు నడిచేటప్పుడు సచ్చినోళ్లకు ఫోన్ చేయరు కద.

21 జనవరి 2025, మంగళవారం

అయిపోయింది.

పాల్‌ను అక్కడి ఆశ్రయం ఆఫీసుల కూసోవెట్టిన్రట. ఒక ఆఫీసరమ్మ, మన తెలుగు తెలిసిన ఒకామె. బొంద ఫోటో చూసిన్రట. మీ బాపు గురించి చెప్పు అంటే పాల్ చెప్పిండట, బాగనే చెప్పిండట. ఆఫీసరమ్మ కండ్లల్ల నీళ్లొచ్చినయనుకున్నడట. అప్పుడు ఆమె కంప్యూటర్ వీనిదిక్కు తిప్పింది. మా చర్చి. మైకు పట్టుకొని నేను.

కింద ఆగస్టు తారీకు ఉన్నది. సచ్చిన ఆర్నెల్లకు నేను మాట్లాడుతున్న. తెలుగామె ఒక్కొక్క ముక్క వాళ్ల భాషల చెప్పింది. ఈ ఊర్ల నాకు శత్రువన్నోడు లేడు. అందరు నన్ను అన్నా అనే పిలుస్తరు. ఎవరీయన అని ఆఫీసరమ్మ అడిగింది. పాల్ తెల్వదు అన్నడట. ఆమె వీడియో ఆపలే. నేను పాల్ ఫోటో పైకెత్తి చూపిచ్చేదాక నడిపిచ్చింది.

తెల్వదు అన్నడని నాకు బాధలేదు. ప్రభువును ఎరుగనని పేతురు మూడుమాట్లు అన్లేదా. ప్రభువు ఏమన్న అనుకున్నడా.

వాపస్ పంపుతున్నరు. ఇగ ఆ ఒక్క దేశమే కాదు, ఇరుగుపొరుగు ఏ దేశం గేటు వానికి తెరువదట. ఒక్కల కంప్యూటర్ల వడితే అందరి కంప్యూటర్ల వడ్డట్టే. ఏ జోన్‌ల లేని చెరుకు.

వాడు నన్ను తిట్టలే. బాపు, నిన్ను ఎవరు మాట్లాడమన్నరు అన్నడు. ఫోన్ పెట్టేసిండు.

ఎవరు మాట్లాడమనలే బిడ్డా. సంబురం ఆగలే.

చానసేపు కూసున్న. తర్వాత అనుకున్న, వాడు ఇంటికొస్తుండు కద. ఇది గూడ ట్రాన్స్‌ఫరే. మా జోన్‌కు.

12 ఫిబ్రవరి, బుధవారం

వచ్చిండు. నా కొడుకు వచ్చిండు.

దండ పట్టుకొని బోధన్ బస్టాండుకు పోయిన. ఆఫీసర్లకు వేసేది, పెద్ద దండ. బస్సు దిగిండు. కాంటా మీద కూసున్నోన్ని, చూస్తనే చెప్తా. తూకం పోయింది. సగం పోయింది.

దండను చూసిండు. నన్ను చూడలే. పక్కకెల్లి నడిచి రాజలింగు ఆటో ఎక్కిండు. రాజలింగు మా గల్లీ పోరడే. మీ బాపు కూడ వచ్చిండు కదనే, ఏడున్నడు అని అడిగిండట. మా బాపు పోయిండు అన్నడట పాల్. నేను ముందుగాల ఇంటికి పోయిన అనుకొని రాజలింగు ఆటో తోలుకపోయిండు.

దండ పట్టుకొని నడుసుకుంట వచ్చిన. కనవడ్డోళ్లందరికి చెప్పిన, మా పాల్ వచ్చిండు అని.

16 ఫిబ్రవరి

వాళ్ల అవ్వతోని మాట్లాడుతుండు. ఆమె బోడి చేతులతోనే అన్నం వెడుతున్నది. గాజులు వేసుకో అని వాడు అంటడేమోనని చూస్తున్న. అంటలేడు.

19 ఫిబ్రవరి, బుధవారం

ఇయ్యాల్టికి నేను సచ్చి ఏడాది. పాల్ బంతిపూలు కొనుక్కొని బొందలగడ్డకు పోయిండు. నేను ఎనకాల పోయి గోడ అవుతల నిలవడ్డ. శిలువకు పూలు వేసిండు. మట్టి మీద చెయ్యి వెట్టి బాపు అన్నడు. వచ్చినంక బాపు అనుడు ఇదే మొదలు.

ఆఁ బిడ్డా అన్న.

ఇటు తిరుగలే. అయినా పిలిచిండు. దేవునికి స్తోత్రం.