ఎర్రకారులో ఏడు అబ్బాలు

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

"ఆరేళ్ల పిల్ల మాట విని కారు కొంటారట్రా?" అని మొన్న ఫోనులో నిన్ను కసిరిన మాట వాస్తవం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న నీ కూతుర్ని వెంటబెట్టుకుని షోరూముకు వెళ్లాను. నువ్వు చెప్పిన మూడు కార్లూ ఎక్కి దిగి, మైలేజీ, డిక్కీ, బ్రేకులు అన్నీ విచారించి, కాగితం మీద పట్టిక గీసి నూటికి మార్కులు వేశాను. నువ్వు ముచ్చటపడ్డ నేలకు ఆనినట్టుండే ఎర్రకారుకే ఎనభై రెండు వచ్చాయి. సంతకం పెట్టబోతుంటే నీ కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు నాయనమ్మా, తెల్లది కొందాం."

"రంగు చూసి కారు కొనరే!"

"రంగు కాదు. ఎర్రదాంట్లో నువ్వు ఏడుసార్లు 'అబ్బా' అన్నావు. నీలందాంట్లో నాలుగు. తెల్లదాంట్లో ఒక్కటే."

నా పట్టిక కిందే పెన్సిలుతో గీతలు గీసి పెట్టుకుంది. సేల్స్‌మాన్ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. అంత పట్టికలోనూ మోకాళ్లకు నేనొక గడి గీయలేదు. తెల్లకారుకే సంతకం పెట్టాను.

నా మోకాళ్లకేం ఫరవాలేదు. కంగారుపడి డాక్టరు దగ్గర పేరు రాయించకు.

దాని లెక్కలో ఒక్క తప్పు మాత్రం దిద్దించాను. ఎర్రకారుకు ఆరే. ఏడోది ధర విన్నప్పుడు అన్నది.

ఇట్లు,
అమ్మ