మేనమామ గండం

మండపేట

చెల్లి హారతికి, అన్నయ్య శ్యాంబాబు దీవెనలు.

ఫోను ఎందుకు కట్టేశానా అనుకుంటున్నావేమో. నీ చంటిది పై పన్నుతో పుట్టిందని మీ అత్తగారు అచ్చాయమ్మ గారు చెప్పారు. పై పన్ను ముందొస్తే మేనమామకు గండమట. దానికున్న మేనమామను నేనొక్కణ్ణే. వీడియోలో పొరపాటున దాని ముఖం చూస్తే నా గతేంటి? అందుకే ఉత్తరం. ఆ పన్ను తీయించేదాకా బారసాలకు రాలేను.

నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. జవాబులో ఫొటో పెట్టకు. అయినా కవరు మీ వదిన చేతే విప్పిస్తాను.

నరసాపురం

అన్నయ్యకు హారతి నమస్కారాలు.

అది పన్ను కాదు. మా అత్తగారు దాన్ని పీకించడానికి నాటువైద్యుడికి కబురు పెడితే, పిల్లనెత్తుకుని ఆటో ఎక్కి పిల్లల డాక్టరు రూబీ గారి దగ్గరికి వెళ్లిపోయాను. ఆవిడ చిగుళ్లు వేలితో తడిమి చూశారు. పన్నయితే గట్టిగా అంచు తగులుతుంది, ఒక్కోసారి కదులుతుంది. తెల్లపూతయితే తుడిస్తే పోతుంది. ఇది రెండూ కాదన్నారు. చాలామంది పసిపిల్లల చిగుళ్ల మీద ఇలా ముత్యాలు వస్తాయట. మందు అక్కర్లేదు, గిల్లకూడదు, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయట. నువ్వు రావాల్సిందే.

చెల్లి
హారతి

తా.క. ముత్యాలొచ్చాయని వదినకి కూడా చెప్పు.

మండపేట

హారతీ, అన్నయ్య దీవెనలు.

డాక్టరుగారు ఎంత మర్యాదగా చెప్పారో నీకు అర్థం కాలేదు. ముత్యాలొచ్చాయంటే ముత్యాలమ్మ తల్లి వచ్చినట్టే. మేకపోతును మొక్కుకున్నాను. బియ్యం లారీలో వేపమండలు పంపుతున్నాను, గుమ్మానికి కట్టించు.

కంగారులో ఉన్న
అన్నయ్య

తా.క. పన్నూ, అమ్మవారూ కలిపి ఒక గండమా, రెండా? ఎవరినైనా అడిగి రాయి.

నరసాపురం

అన్నయ్యకు నమస్కారాలు.

నీ లారీ వచ్చింది. వేపమండలు చూసి వీధంతా మా ఇంట్లో అమ్మవారు పోసిందనుకున్నారు. అందరూ రామనేసరికి బారసాల వాయిదా పడింది. అవి ముత్యాల్లాంటి చిన్న పొక్కులు, అంతే. ఇప్పటికే రెండు కరిగిపోయాయి. నాటువైద్యుణ్ణి నేనే గుమ్మంలోంచి పంపేశాను. నా మాట మీద నమ్మకం లేకపోతే వచ్చి రూబీ గారినే అడుగు. అడగకుండా ఇంకో ఉత్తరం రాశావంటే విప్పకుండా తిప్పి పంపుతాను.

నీ చెల్లి
హారతి

తా.క. మేకపోతు ఎప్పుడొస్తుందని మా పెద్దది రోజూ అడుగుతోంది. దానికి పేరు కూడా పెట్టేసింది.

మండపేట

చెల్లికి దీవెనలు.

అడిగాకే రాస్తున్నాను, విప్పు. మీ ఇంటికి రాకుండా తిన్నగా రూబీ గారి దగ్గరికే వెళ్లాను. నేను గట్టిగా వాదిస్తుంటే ఆవిడ లేచొచ్చి, “ఒకసారి నోరు తెరవండి” అన్నారు. చూడాల్సింది పిల్ల నోరు కదండీ అన్నాను.

“పిల్ల నోరు చూశానండి, అది బాగానే ఉంది. మీదే బాగాలేదు” అన్నారు.

దవడ లోపల, నేను ఖైనీ పెట్టుకునే చోట, తెల్లమచ్చ. వెంటనే రాజమండ్రి పళ్ల ఆసుపత్రికి పంపారు. చిన్న ముక్క తీసి పరీక్షకిచ్చారు. ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదట, కానీ వదిలేస్తే అయ్యే ప్రమాదం ఉందట. ఖైనీ మానేశాను. వాళ్లు రమ్మన్నప్పుడల్లా వెళ్లి చూపించుకోవాలి.

బారసాల ముహూర్తం పెట్టించు. ముందురోజే వచ్చి నా మేనకోడల్ని ఎత్తుకుంటాను.

మీ
అన్నయ్య

తా.క. ఈ సంగతి మీ అత్తగారికి మాత్రం చెప్పకు. మేనమామకు గండముందని ఆవిడ ముందే అన్నారు.