రిపోర్టు మీద పేరు

కూర్మన్నపాలెం,
12 నవంబరు 1984

ప్రియమైన ఆనందకుమార్‌కి, మీ బావ జాన్‌బాబు వందనాలు.

ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్ల లిస్టులో నా పేరొచ్చింది. రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు తెమ్మన్నారు. నాకు సుగరుందని పోయినేడే తెలిసింది. మీ అక్క రత్నమణికి చెప్పలేదు. మా నాన్న గుండెపోటుతో పోయాడు కదా, నా సుగరు సంగతి తెలిస్తే తను బెంగతోనే మంచం పడుతుంది.

ఎదురుగా అడగడానికి మొహం చెల్లక రాస్తున్నాను. నా బదులు నువ్వెళ్లి రక్తమిచ్చి రావాలి. ల్యాబులో చీటీ మీద పేరు చూస్తారు గాని మనిషిని చూడరు. పరగడుపున వెళ్లు. చీటీ దీనితోనే పెట్టాను.

సిగ్గుతో,
నీ బావ


భీమునిపట్నం,
20 నవంబరు

ప్రియమైన బావకి,

పనైపోయింది. సూది గుచ్చినామె "ఏటి బాబూ, నరాలు మోకుల్లాగున్నాయి" అంది. అలాంటి నెత్తురుకి వంక పెట్టే డాక్టరు ఉండడు. ఇంకేమీ అడక్కు, అక్కకి చెప్పకు.

నీ ఆనందు


కూర్మన్నపాలెం,
15 డిసెంబరు

ప్రియమైన ఆనందుకి,

రిపోర్టొచ్చింది. అంతా బాగానే ఉంది. ప్రస్తుతానికి స్టోర్సులో వేశారు, క్రేన్ సంగతి తర్వాత చూస్తారట. క్రిస్మస్‌కి తప్పక రా.

నువ్వు వేపుళ్లు ఎక్కువ తింటున్నావని అక్క అంటోంది. కాస్త తగ్గించు. కొట్లో కూర్చునే పని కదా, రోజూ పొద్దున్నే కొంచెం నడువు. ఊరికే రాస్తున్నాను.

నీ బావ


భీమునిపట్నం,
4 మార్చి 1985

ప్రియమైన బావకి,

మనసేం బాగోలేదు. నా కొట్లో వలతాళ్లు కొనే తాతబాబు నీకు తెలుసు కదా, మీ ఇంటికి ఒకసారి వంజరం చేప తెచ్చాడు. మొన్న వల లాగుతూ లాగుతూ ఇసకలో కూలబడిపోయాడు. ఆస్పత్రికి చేరకముందే పోయాడు. నలభై నిండని మనిషి. వాళ్లావిడ అసిరమ్మ "జొరమేటి, నొప్పేటి, ఏటీ నేదు బాబూ, ఎవలి కళ్లో పడ్డాయి" అని ఏడుస్తోంది. గుమ్మం దగ్గర్నుంచే వచ్చేశాను.

నీ ఆనందు


కూర్మన్నపాలెం,
8 మార్చి

ప్రియమైన ఆనందుకి,

నీ ఉత్తరం చదివాను. రెక్కాడే మనిషే అలా పోతే, నీ మాటేమిటి?

నేను నీకు అబద్ధం రాశాను. రిపోర్టు బాగోలేదు. సుగరూ ఎక్కువే, కొవ్వు మరీ ఎక్కువ. అందుకే క్రేన్ ఎక్కనివ్వలేదు. "ఇది ఇంకా జబ్బు కాదు, గుండె మీదకి రాబోతోందని నెత్తురు ముందే చెబుతోంది. ఇప్పుడే జాగ్రత్తపడితే చాలా ఏళ్లు బతకొచ్చు" అన్నాడు డాక్టరు. నా నెత్తురే ఇచ్చుకున్నా ఇంతకంటే మేలుగా ఉండేది.

ఆ మాట నీకు చేరవేస్తే నువ్వు డాక్టరు దగ్గరికి వెళతావు, నా బాగోతం అక్కకి తెలుస్తుంది. ఆ సిగ్గుకి భయపడి నీ ప్రాణాన్ని మూడు నెలలు జేబులో దాచుకు తిరిగాను. ఈ రాత్రి రత్నమణికి అంతా చెప్పేశాను. తను "ముందు మా తమ్ముణ్ణి రమ్మని రాయి" అని మాత్రం అంది. వెంటనే బయల్దేరు.

నీ బావ


భీమునిపట్నం,
12 మార్చి

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చదవగానే "అమ్మయ్య, నాది కాదు" అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇంకా నా మొహం అద్దంలో చూసుకోలేకపోతున్నాను.

ఆ నెత్తురు నాది కాదు బావా. ముందురోజు రాత్రి ఒక పెళ్లిలో తెల్లారేదాకా తాగాను. నా నెత్తురుతో నీ ఉద్యోగం పోతుందని భయమేసింది, నీకు చెప్పడానికి నామోషీ వేసింది. ఆ పొద్దున్న టౌన్‌లో చేపలమ్మడానికి తాతబాబు నా బస్సులోనే వచ్చాడు. అడిగితే నవ్వి, "మీ బావకి ఉజ్జోగం ఒత్తాదంటే కూసింత నెత్తురేటి" అని చెయ్యి చాపాడు. మా ఇద్దరిలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చినవాడు తనొక్కడే.

అతని తమ్ముడు పైడయ్య నిన్న కొట్టుకొచ్చాడు. ఎడమచెయ్యి లాగుతోందట. "వల లాగీ సెయ్యి, లాగకేటవుద్ది" అని తీసిపారేశాడు. అదే నెత్తురు కదా బావా, అదే తల్లి కడుపు.

అతన్ని డాక్టరు దగ్గరికి పంపాలంటే అసిరమ్మకి అంతా చెప్పాలి. నేనొక్కణ్ణీ ఆ గుమ్మం ఎక్కలేను. పొద్దుటి బస్సుకి రా. రిపోర్టు తీసుకురా. దాని మీద పేరు నీది కనక, చదివి వినిపించాల్సింది నువ్వే.

నీ కోసం బస్టాండులో కాచుకునుంటాను.

ఆనందు