ఆయన డ్యూటీలోనే మూగబోయే పెట్టె

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్‌లో అయితే నా మాట సగంలోనే అందుకుని తీర్పు చెప్పేస్తావు. పైగా మా క్వార్టర్స్ గోడలు మహా పల్చన. పక్కింటి ఫిట్టర్ గారి గురక మా మంచం దాకా వస్తుంది. కాగితమైతే గుట్టుగా చివరిదాకా వింటుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీ ఊళ్లో ఉన్న మా రెండో ఫ్యాక్టరీకి బదిలీ కావాలని అర్జీ పెట్టాను. మంజూరైతే ఒక్కదాన్నే వస్తాను. మీ మేడమీది గది ఖాళీ చేయించు. నీ మరిదికి ఇంకా చెప్పలేదు.

ఎందుకంటావా? ఒక పెట్టె వల్ల. నవ్వకు. మా బిస్కెట్ ఫ్యాక్టరీలో కొత్త ఓవెన్ పెట్టారు. ఓవెన్ మీటర్ల భాష వేరు, కంట్రోల్ రూమ్ కంప్యూటర్ భాష వేరు. ఇద్దరి మధ్యా దుబాసీలాగా అరచేతిలో పట్టే పెట్టె ఒకటి ఉంటుంది. కంపెనీవాళ్లు ఇలాంటి పెట్టెలన్నిటికీ ఒకే నంబరు వేసి పంపుతారు. మన దగ్గరికొచ్చాక దేనికి దానికి విడిగా నంబరివ్వాలి. ఆ నంబరే దాని అడ్రసు. ముందు నా ల్యాప్‌టాప్‌కి దాని పక్క నంబరిచ్చి, కేబుల్‌తో కలిపి, దాని పేజీ తెరిచి, కొత్త నంబరు కొట్టి, ఒకసారి కరెంటు తీసి పెట్టాలి. ఇదే నా ఉద్యోగం. మొన్నటిదాకా ఇందులో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు.

ఈ పెట్టె మాత్రం నా పొద్దుటి షిఫ్టులో బుద్ధిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం కంట్రోల్ రూమ్‌లో నీ మరిది కూర్చోగానే దానికి దయ్యం పడుతుందట. తెరమీద ఓవెన్ వేడి ఒకసారి కనిపించి, మరోసారి సున్నా అవుతుందట. ఓవెన్‌లో బెల్టు ఆగిపోయి లోపలి బిస్కెట్లన్నీ బొగ్గులవుతున్నాయి. మర్నాడు నేను వెళ్లి చూస్తే ఏ రోగమూ ఉండదు.

మేం మొగుడూ పెళ్లాలుగా కలుసుకునేది గేటు దగ్గర. నేను బయటికి, ఆయన లోపలికి. ఉన్న ఆ కాస్త సేపూ ఈ పెట్టె గొడవే. నిన్న షిఫ్టు మారే వేళ క్యాంటీన్‌లో నేను వెనక బల్ల దగ్గరున్నానని చూసుకోకుండా, "మా ఆవిడ పెట్టింది ఏదీ పెట్టినచోట కుదురుగా ఉండదండీ" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. క్యాంటీన్ మేనేజరు నవ్వులో పడి టీ పొంగించేశాడు.

అప్పుడర్థమైంది అక్కా. రోగం పెట్టెకి కాదు. నేను ఈ పని చేయడమే ఆయనకి కిట్టడం లేదు. ఏడుపొచ్చింది. తిన్నగా వెళ్లి అర్జీ ఇచ్చేశాను. గది మాట మరిచిపోకు.

నీ
పొట్టిది

---

అక్కా,

గది సర్దేశావా? బావగారి చేత బీరువా మోయించేశావా? ఆయన నడుం ఎలా ఉందో ఏమో. ముందు కూర్చుని ఇది చదువు.

వెళ్లిపోయేముందు నా పేరు నిలబెట్టుకుని పోదామని, నిన్న డ్యూటీ అయ్యాక ఇంటికి పోకుండా ఓవెన్ దగ్గరే కాపు కాశాను. నీ మరిది కూర్చున్న కాసేపటికి నా ల్యాప్‌టాప్ తెరమీద నిజంగానే వేడి సున్నా అయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ సున్నా. అబద్ధమాడలేదన్నమాట. వెంటనే ఓవెన్ ఆపించి, నా పెట్టె వైరు పీకి చేత్తో పట్టుకున్నాను. ల్యాప్‌టాప్‌లోంచి దాని నంబరుకి ఊరికే ఒక పలకరింపు పంపాను. బదులొచ్చింది! పెట్టె నా చేతిలో చచ్చినట్టు పడి ఉంది, దాని నంబరు మాత్రం ఎక్కడినుంచో పలుకుతోంది.

ఇంకేముంది, అదే నంబరుతో ఇంకోటి ఎక్కడో కూర్చుందన్నమాట. తీగలన్నీ కలిసే చోట ఒక్కొక్కటే పీకుతూ పోతే, కంట్రోల్ రూమ్ తీగ పీకినప్పుడు పలుకు ఆగింది. వెళ్లి నీ మరిది కుర్చీ వెనక అల్మరా తెరిచాను. పాత ఫైళ్ల వెనక, స్టోర్స్‌లో మూలపడేసిన పాత పెట్టె ఒకటి పచ్చలైటుతో మిణుకుమిణుకుమంటోంది. దానికి మీటర్లేవీ లేవు. కంప్యూటరు ఎప్పుడు పొరపాటున దాన్ని పిలిచినా పాపం సున్నా అని చెబుతోంది.

ఆయన మొహం చూడాలి నువ్వు. నేను నోరు తెరవకముందే ఒప్పేసుకున్నారు.

"పొద్దుటి షిఫ్టుకి మారుస్తారా అని ఆఫీసులో అడిగాను. నీ పని కూడా వచ్చి ఉండాలన్నారు. గేటు దగ్గర కాపురం ఎన్నాళ్లు చేస్తాం? నిన్ను నేర్పమంటే నవ్వుతావని, నా డ్యూటీలో దీన్ని పెట్టుకుని సొంతంగా నేర్చుకుంటున్నాను."

ఓవెన్ కరెంటు ప్యానెల్ తలుపు లోపల నేను అంటించిన సెట్టింగుల కాగితం చూసి పొల్లు పోకుండా ఎక్కించారట. నంబరుతో సహా. నంబరైనా మార్చాలని తోచలేదా అని అడిగాను.

"నీది బాగా పనిచేస్తోంది కదా, పనిచేసేదాన్ని మార్చడమెందుకనుకున్నాను."

అక్కా, ఆ మనిషి మీద నాకు కోపమూ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాతో ఉండాలనుకున్న మనిషిని నేనే వదిలేసి రాబోయాను. అయినా ఊరికే వదల్లేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఆ పాత పెట్టె నంబరు ఆయన చేతే మార్పించాను. మార్చి, కరెంటు తీసి పెట్టి, మళ్లీ పాత నంబరుకే పిలిచి, బదులు రాకపోయేసరికి దాన్ని చంపేశానని చెమటలు పట్టించుకున్నారు. దాన్ని ఇల్లు మార్పించి పాత ఇంటి తలుపు కొడితే ఎవరు తీస్తారని అడిగాను. ఈసారి కొత్త నంబరుకి పిలిచారు. పలికింది. చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

తర్వాత క్యాంటీన్‌కి నడిపించాను. అన్న చోటే అనాలి కదా. అందరిముందూ లేచి, "బిస్కెట్లు మాడ్చింది నా పెట్టె. మా ఆవిడది కాదు" అన్నారు. ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. ఆయనా నవ్వారు. టీ మళ్లీ పొంగింది.

అర్జీ వెనక్కి తీసుకున్నాను. మాడిన బిస్కెట్లకి మా మేనేజరు ఆయన్ని గట్టిగా చీవాట్లు పెట్టి, శిక్షగా నా కింద పని నేర్చుకోమని పొద్దుటి షిఫ్టులో వేశాడు. శిక్ష వేశానని మేనేజరు అనుకుంటున్నాడు, అనుకోనీ.

మేడమీది గది సర్దే ఉంచు. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. మొదటి ఉత్తరం బావగారికి చూపించకు. చూపించేసి ఉంటే ఇదీ చూపించు. దీన్ని నీ మరిదే పోస్టు చేస్తానని పట్టుకెళుతున్నారు. విప్పి చదవనని ఒట్టేశారు.

నీ
పొట్టిది

వదినగారూ, నేను చదవలేదు. చెమటలు పట్టాయన్నది మాత్రం నిజం కాదు, అక్కడ ఓవెన్ వేడి. మొదటి ఉత్తరం సంగతి నాకు తెలియదు, ఆదివారం మీరే చూపించండి.