నేను బస్సు ఆపగలను

ఏప్రిల్ 4, శుక్రవారం

నన్ను అడక్కుండా నా ఇంటర్వ్యూను ఫోన్‌లో తీసి, దానికి కామెడీ మ్యూజిక్ తగిలించి, ఇన్‌స్టాలో పెట్టాడు మేనేజర్ ధర్మతేజ. ముఖం దాచలేదు. యూనిఫామ్ మీద సోని అన్న నా పేరు కూడా చక్కగా కనిపిస్తోంది.

ఈ రిసార్ట్‌లో దుప్పట్లు మార్చేదాన్ని నేను. కాఫీ తోటలో టూరిస్టులను తిప్పే గైడ్ పోస్ట్ ఖాళీ అయింది, ఇంగ్లీష్ వస్తేనే రండి అన్నారు. నాకు వచ్చు. ఎవరూ నేర్పలేదు. బకెట్ మీద ఫోన్ పెట్టుకుని, యూట్యూబ్ పాఠాలు వింటూ, బాత్రూమ్ గోడలతో మాట్లాడి నేర్చుకున్నాను.

ధర్మతేజ అడిగింది మూడు ప్రశ్నలు. చిన్నప్పుడు ఏం చేయగలిగేదానివి, ఇప్పుడు ఏం చేయగలవు, వచ్చే ఏడాదికి ఏం చేయగలుగుతావు. కుడ్, కెన్, విల్ బీ ఏబుల్ టు. ఆ పాఠం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఐ కుడ్ స్టాప్ ఎ బస్ అన్నాను. నౌ ఆల్సో ఐ కెన్ స్టాప్ ఎ బస్ అన్నాను. కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వాడు. ఏ చేత్తో ఆపుతావమ్మా, కుడా ఎడమా అని అడిగాడు. మూడో జవాబు విననే లేదు.

రీల్ కింద అరకు సూపర్ ఉమన్ అని రాశాడు.

ఏప్రిల్ 5

గైడ్ పోస్ట్ జయశ్రీకి ఇచ్చారు. విజయనగరం నుంచి వచ్చి నెల కాలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

ఉంది.

ఏప్రిల్ 7, సోమవారం

వంటగదిలో పైడితల్లక్క, ఏటే గుంటా, బస్సులాపీసేదానివి గదా, ఆ గ్యాస్ బండ బేగి ఎత్తి ఇలాగెట్టు అంది. అందరూ నవ్వారు. బండ ఎత్తి ఆమె కాలి పక్కనే దభీమని పడేశాను. ఓలమ్మో, కాలిరగ్గొట్టేత్తావేటే అని గెంతింది. తర్వాత తనే ఉప్మా పెట్టి తెచ్చింది. తినలేదు.

వీడియో తీసేయండి సార్ అని ధర్మతేజను అడిగాను. స్పోర్టివ్‌గా తీసుకోవాలట. రిసార్ట్‌కు పబ్లిసిటీ అట. అది జోక్ కాదు సార్, నిజం అన్నాను. సరేలే, పై గదిలో టవల్స్ లేవు చూడు అన్నాడు.

నిజమే మరి! చైత్రంలో మా కొండవాళ్ల ఇటుకల పండగకు మగవాళ్లు వేటకని అడవికి పోతారు. రోడ్డు ఆడవాళ్లది. వెదురు బొంగు అడ్డం పెడతాం. ఏ బండైనా ఆగాల్సిందే. పండక్కి ఏదో ఒకటి ఇచ్చి పోవాలి, లేదంటే దిగి మాతో థింసా ఆడాలి. మోకాలెత్తు పిల్లగా ఉన్నప్పుడే బొంగు కొస పట్టుకుని ఆర్టీసీ బస్సుకు ఎదురు నిలబడ్డాను. డ్రైవర్ హారన్ కొట్టీ కొట్టీ, చివరికి దిగి ఆడాడు. నేను చేయగలిగిన వాటిలో అదే పెద్దది. చెట్లెక్కేదాన్ని అని చెప్పాలా? చెట్లు అందరూ ఎక్కుతారు.

ధర్మతేజకు ఇదేం తెలుసు? ప్రతి ఏడూ పండగ వారం సెలవు పెట్టి కొండ కిందికి దిగిపోతాడు.

ఏప్రిల్ 10

ఊరికి వెళ్లాను. సోములమ్మ పిన్ని వీడియో చూపించమంది. ఇంగ్లీషులో ఏమన్నానో చెప్పాను. ఆమె నవ్వలేదు. కోపం వచ్చింది, అదీ నా మీద. నువ్వు ఆపినావా, నువ్వొక్కదానివేనా, బొంగు రెండో కొస ఎవరు పట్టినారే, మీ మేనేజరు పట్టినాడా అని అడిగింది.



ఏప్రిల్ 15, మంగళవారం, సాయంత్రం

ఈ ఏడు ధర్మతేజకు సెలవు దొరకలేదు. రిసార్ట్ మినీబస్సు మా మలుపు తిరిగింది. ఒక కొస పిన్ని, ఒక కొస నేను, మధ్యలో ఊరి ఆడవాళ్లంతా.

ముందు సీట్లోంచి ధర్మతేజ నోటు చాపాడు. పిన్ని ముట్టుకోలేదు. ఇది వద్దు బాబూ, మా పిల్ల బొమ్మ తీసెయ్ అంది. ఘాట్‌లో సిగ్నల్ లేదు అన్నాడు. అది అబద్ధం కాదు, నిజంగానే ఉండదు. అయితే దిగు అని అందరూ ఒక్కసారే అరిచారు.

దిగాడు. ఒక చెయ్యి పిన్ని పట్టుకుంది, ఒకటి నేను. అందరి కాళ్లూ ఒక వైపు పోతే అతని కాలు ఇంకో వైపు పోతోంది. జయశ్రీ కిటికీలోంచి తల బయటపెట్టి, సార్, కుడా ఎడమా అని అడిగింది. బస్సంతా నవ్వింది. ఆ పిల్ల మీద కోపం సగం పోయింది.

సిగ్నల్ రాగానే డిలీట్ చేస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. బొంగు ఎత్తేశాం.

ఏప్రిల్ 16

తీయలేదు. ఇంకోటి పెట్టాడు. మేం ఆడుతుంటే బస్సులోంచి ఎవరో తీసిన వీడియో. తను ఉన్న ముక్క కోసేశాడు. మా అతిథులకు గిరిజనుల స్వాగతం అని రాశాడు.

స్వాగతమట!

ఏప్రిల్ 17, గురువారం, పొద్దున్నే

రిసెప్షన్ అద్దానికి ఇంగ్లీషులో రాసి అంటించాను. నాకోసం ఇక్కడ తెలుగులో.

ధర్మతేజ గారూ, చిన్నప్పుడు మేం బస్సు ఆపగలిగేవాళ్లం. ఇప్పుడూ ఆపగలం, మొన్న చూశారు. ఇకముందూ ఆపగలుగుతాం. రెండు వీడియోలూ తీసేయండి. గైడ్ టెస్ట్ మళ్లీ పెట్టండి, మూడో జవాబు కూడా వినండి. పండగ ఇంకా అయిపోలేదు. బొంగు రోడ్డు పక్కనే ఉంది. రేపు అరకు సంత విడిచేలోపు జవాబు చెప్పండి.